‘రేపు రా’ అన్న తలుపు

నేను ఒక తలుపుని. చదువుతున్న మీరు కూడా ఏదో ఒకరోజు నన్నో నా జాతివాళ్ళనో కొట్టినవాళ్ళే. కాదనకండి, మీ మాటే సాక్ష్యం. గుమ్మంలోకి మనిషి వస్తే “ఎవరో తలుపు కొడుతున్నారు, చూడు” అంటారు. పిలుస్తున్నారు అనొచ్చుగా, అనరు. పని లోపలివాళ్ళతో, దెబ్బ నాకు. కోపం వస్తే వెళ్ళేటప్పుడు కూడా నన్నే దభాలున విసిరికొట్టి పోతారు. అత్త మీది కోపం దుత్త మీద చూపించారని సామెత చెప్పుకుంటారు గానీ, దుత్తకన్నా ముందు ఆ కోపం తిన్నది నేనే. దుత్త వంటింట్లో ఉంటుంది, దాని దాకా పోవాలంటే నన్ను దాటాలి కదా.

గొడ్డలిపెట్టు అని మీరు మాటవరసకి అంటుంటారు. నాకది జన్మ వృత్తాంతం. అంతకుముందు అడవిలో మద్దిచెట్టుని. ఇద్దరు మనుషులు రెండు పూటలు నరికితే పడ్డాను. లారీ ఎక్కి తెనాలి కలప అడితికి వచ్చి, రంపానికి చీలి, చివరికి వీరాచారి అనే వడ్రంగి చేతికి చిక్కాను. పలచటి మనిషి, నోట్లో ఎప్పుడూ రెండు మేకులుండేవి. నన్ను బాడిసెతో చెక్కాడు, చిత్రిక పట్టాడు, ఉలితో తొలిచాడు, మేకులు దిగేశాడు. అంతా అయ్యాక అరచేత్తో చరిచి, “ఏనుగొచ్చి గుద్దినా ఇది విరగదు” అన్నాడు. నాలుగు రోజుల చిత్రహింస తర్వాత నేను విన్న మొదటి మంచిమాట అది. దాన్ని పట్టుకుని చాలా ఏళ్ళు పొగరుగా బతికాను. విరగకపోవడమే తలుపు ధర్మం అనుకున్నాను.

నన్ను చేయించుకున్నది బసవపూర్ణయ్య అనే పసుపు రైతు. ఆయన ఇంట ఎనిమిదేళ్ళు నిలబడ్డాను. ఒక ఏడు పసుపు ధర పడిపోయింది, సొసైటీ అప్పు కట్టలేకపోయాడు. ఆ రోజుల్లో అప్పు కట్టని ఇంటికి మనుషులొచ్చి తలుపులు ఊడదీసుకుపోయేవాళ్ళు. ఎడ్లని తోలుకుపోతే మేత వెయ్యాలి, ధాన్యం తీసుకుపోతే పురుగు పడుతుంది. తలుపుతో ఆ బాధ లేదు. పైగా తలుపు లేని ఇంట్లోకి కుక్క దూరుతుంది, దారిన పోయేవాళ్ళ కళ్ళూ దూరతాయి. అప్పు రాబట్టడానికి అంతకన్నా చవకైన హింస లేదు. నలుగురు గునపాలతో నా మడతబందులు పెకలించారు. పూర్ణయ్య అరవలేదు, అడ్డం రాలేదు, కండువాతో మొహం కప్పుకుని అరుగు మీద కూర్చున్నాడు. నాకు ఆయన మీద జాలి కలగలేదు, ఒళ్ళు మండింది. ఇంటి తలుపు పోతుంటే నోరు విప్పనివాడు ఏం మనిషి అనుకున్నాను. అప్పు ముందుగా నోటినే కట్టేస్తుందని నాకు అప్పటికి తెలియదు.

సొసైటీ గోడౌనులో నాలాంటివాళ్ళం నలభైమందిమి గోడకి చేరబడి ఉండేవాళ్ళం, ఒంటి మీద సుద్దతో నంబర్లు. విడిపించుకోవడానికి వచ్చినవాళ్ళు తక్కువ. కొన్నేళ్ళకి వేలం వేశారు. అలా రెండు మూడు పాత కలప దుకాణాల్లో చేతులు మారి, నల్లబడి, మూలలు చితికి, చిట్టచివరికి ఏడుకొండలు ఇంటికి చేరాను. జప్తు తలుపని దుకాణంవాడే చెప్పి ధర తగ్గించాడు. జప్తయితే ఏంది, తలుపేగా అని నవ్వి, నన్ను ఆటో మీద అడ్డంగా కట్టుకుని తెచ్చుకున్నాడు.

ఏడుకొండలు ఆటో నడుపుతాడు. కాలవగట్టు మీద ఒక్క గది రేకుల ఇల్లు. వీధివైపు నేను, పెరటివైపు చిన్న రేకు తలుపు. భార్య నాంచారమ్మ చీరలకి ఫాల్స్ కుడుతుంది. ఏడుకొండలుకి ముక్కు మీద కోపం. అయితే పెళ్ళాం మీద ఎన్నడూ చెయ్యి ఎత్తలేదు. ఆ బాకీ అంతా నా మీద తీర్చుకునేవాడు. పోలీసు ఫైను రాస్తే పిడికిలి, టైరు పంక్చరైతే కాలు, కిరాయి ఎగ్గొట్టి ఎవడన్నా పారిపోతే రెండూ. భార్యని కొట్టని మంచివాడని వీధిలో పేరు. ఆ పేరు ఎవరి ఒంటి మీద నిలబడిందో ఎవరూ అడగలేదు.

ఆటో కొన్నప్పుడు నాంచారమ్మ పేరున గ్రూపు లోను తెచ్చారు. పదిమంది ఆడవాళ్ళు కలిస్తే ఒక గ్రూపు, ఒకరికొకరు పూచీ. మంగళవారం మంగళవారం కంతు కట్టాలి. ఒకరు కట్టకపోతే మిగతా తొమ్మిదిమందీ పంచుకుని కట్టాలి, లేదంటే ఆ రోజు మీటింగు నుంచి ఎవరూ లేవకూడదు. ఈ పద్ధతి కనిపెట్టినవాడెవడో మహా తెలివైనవాడు. వసూలుకి రౌడీలని పెట్టుకునే ఖర్చు తప్పించాడు. వీళ్ళ గ్రూపు లీడరు సామ్రాజ్యం. నాలుగు గేదెలున్న మనిషి, పేరుకి తగ్గ నడక, పిలిస్తే కాలవ అవతల ఒడ్డుకి వినపడే గొంతు. నాంచారమ్మ ఆమెని అక్కా అనేది.

ఏడాది బాగానే గడిచింది. రెండో ఏడు ఏడుకొండలుకి కామెర్లు వచ్చి రెండున్నర నెలలు మంచం పట్టాడు. బండి ఆగింది, కంతులు ఆగలేదు. అతను మంచం మీద నుంచి అడిగినప్పుడల్లా ఆమె “కట్టేశాలే, నువ్వు పడుకో” అనేది. అబద్ధం కాదు, కట్టింది. ఎట్లా కట్టిందో చెప్పలేదంతే. రెండో గ్రూపులో చేరి ఆ డబ్బుతో మొదటి గ్రూపుకి కట్టింది. మూడో గ్రూపులో చేరి రెండోదానికి కట్టింది. రోజువారీ ఫైనాన్సువాడి దగ్గర తెచ్చి మూడోదానికి కట్టింది. చెవుల కమ్మలు తాకట్టు పెట్టి ఫైనాన్సువాడి నోరు మూసింది. ఒక గొయ్యి పూడ్చడానికి పక్కన ఇంకో గొయ్యి తవ్వింది, అన్ని గోతులూ నా గుమ్మం ముందే.

అతను లేచి తిరగడం మొదలుపెట్టాక చెబుదామనే అనుకుంది. నాకు తెలుసు, ఎన్నిసార్లు నా గడియ పట్టుకుని నిలబడి అతని కోసం చూసిందో. ఇంతలో అతను ఆటో స్టాండులో ఒక గొప్ప చెప్పుకున్నాడు. మా నాంచారి చేతిలో లక్ష్మి ఉందిరా, నేను మంచంలో ఉంటే రూపాయి కొత్త అప్పు లేకుండా ఇల్లు ఈదిందని. ఆ మాట స్నేహితులు ఇంటికొచ్చి ఆమె ముందే మెచ్చుకోలుగా చెప్పారు. ఆమె నా వెనక కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తోంది. ఆ దారం ఇంక ఎక్కలేదు. తిట్టి ఉంటే చెప్పేదేమో. పొగిడాడు, ఇంక నోరు ఎట్లా పెగులుతుంది?

కొట్టే చేతిని బట్టి మనిషిని చెప్పగలను. పాలు పోసే ఆమె వేలి కణుపుతో కొడుతుంది. పక్కింటివాళ్ళు అరచేత్తో తడతారు. ఫైనాన్సు మనిషి మొదటివారం బండి తాళంచెవితో కొట్టాడు, టకటకమని, నా రంగు పెచ్చులు లేచేలా. రెండోవారం పిడికిలి. మూడోవారం చెప్పుకాలు. నాలుగోవారం గట్టున పడున్న ఇటుక తీసుకుని బాదాడు. నా నడుం దగ్గర ఒక పలక నిలువునా బీటవారింది.

అప్పుడు నాంచారమ్మ ఒక ఉపాయం కనిపెట్టింది. మొగుడు బండి తీసుకుపోగానే బయట నా గొళ్ళేనికి తాళం వేసేది. ఇంటి చుట్టూ తిరిగి పెరటి తలుపులోంచి లోపలికొచ్చి దానికి గడియ పెట్టుకునేది. వచ్చినవాళ్ళు తాళం చూసి, నాలుగు తన్ని, నలభై తిట్టి పోయేవాళ్ళు. బయట తాళం, లోపల మనిషి. నా బతుకులో ఇంత అబద్ధం నేనెప్పుడూ ఆడలేదు. ఆమె నాకు వీపు ఆనించి కూర్చునేది. ప్రతి దెబ్బా నాలోంచి ఆమె వెన్నులోకి పోయేది, ఆ అదురు నాకు మళ్ళీ తిరిగొచ్చేది. వేళ్ళ మీద లెక్క వేసుకునేది. ఫలానా గ్రూపు ఇంత, ఫలానావాడి వడ్డీ ఇంత. సగానికి వచ్చేసరికి మొదటి అంకె మరిచిపోయి, మళ్ళీ మొదలుపెట్టేది. ఏ రోజూ చివరిదాకా వెయ్యలేదు. మొత్తం ఎంతో ఆమెకే తెలియదు, తెలుసుకోవాలంటే భయం. కూరలో ఉప్పు రెండుసార్లు వేసేది. ఫాల్ తిరగేసి కుట్టి మళ్ళీ విప్పేది. ఇంటి ముందు ఎవరి చెప్పుల చప్పుడైనా ఊపిరి బిగబట్టేది. నేను ఆమెని కాపాడుతున్నానని అనుకున్నాను. జైలు తలుపులు కూడా అట్లాగే అనుకుంటాయేమో తెలియదు.

ఆ ఎండాకాలం ఒక పుకారు లేచింది. ఆడ దయ్యం ఒకటి పట్టపగలే ఇంటింటికీ తిరిగి, తెలిసినవాళ్ళ గొంతుతో పేరు పెట్టి పిలుస్తోందట. పలికినవాళ్ళు రక్తం కక్కుకుని చస్తున్నారట. విరుగుడు ఏమిటంటే తలుపు మీద ‘రేపు రా’ అని రాయాలి. దయ్యం వచ్చి, చదువుకుని, సరే రేపొద్దామని పోతుంది. మర్నాడొచ్చి మళ్ళీ చదువుతుంది. దయ్యానికి చదువొచ్చు గానీ బుద్ధి లేదని మనుషుల నమ్మకం. ఏ కబురైనా ముందు ఆటో స్టాండుకే వస్తుంది కాబట్టి, మా గట్టు మీద ఎవరికీ తెలియకముందే ఏడుకొండలుకి తెలిసింది. సోమవారం సాయంత్రం, బండికి వెయ్యగా మిగిలిన ఎర్ర రంగు తీసి, నా మొహం నిండా జానెడేసి అక్షరాలు రాశాడు. దయ్యమైనా ఆడది కదా, మర్యాద తప్పకూడదని ఇంకో మాట చేర్చాడు. ‘అమ్మా, రేపు రా.’

మర్నాడు మంగళవారం.

రోహిణీ కార్తె. రోళ్ళు పగిలే ఎండ. రేకుల ఇల్లు పొద్దున్న తొమ్మిదింటికే పెనం అయింది. నాంచారమ్మ ఎప్పటిలాగే నాకు తాళం వేసి, పెరటివైపు నుంచి లోపలికొచ్చి గడియ పెట్టుకుంది. కిటికీ మూసింది. చప్పుడు వినపడుతుందని ఫ్యాను ఆపింది. వచ్చినవాళ్ళు ఓ పది నిమిషాలు తిట్టి పోతారు కదా, అంతసేపు ఓర్చుకోవచ్చు అనుకుంది.

ఆ రోజు వచ్చినవాళ్ళు పోలేదు. సామ్రాజ్యం, ఆమె వెనక అయిదుగురు. మూడు వారాలుగా నాంచారమ్మ కంతు వాళ్ళే పంచుకుని కడుతున్నారు. అడిగినప్పుడల్లా ఆమె “రేపు ఇస్తానక్కా” అంటూ వచ్చింది. వాళ్ళకేమన్నా మేడలున్నాయా? ఒకామె కోడిపెట్టలు అమ్మి కట్టింది, ఒకామె కూతురి పుస్తకాల డబ్బు కట్టింది. తాళం చూశారు. ఎక్కడికి పోయినా ఇంటికి రాక తప్పదుగా అని అరుగు మీద చతికిలబడ్డారు. కొంగులతో విసురుకుంటూ, ఒకరి తర్వాత ఒకరు ఆమెని కడిగేస్తున్నారు.

నాకు ఇవతల ఆ ఆరుగురి వీపులు, అవతల ఆమె వీపు. మధ్యలో అంగుళమున్నర మద్దిచెక్క. దగ్గు వస్తుందేమోనని ఆమె చీరకొంగు నోట్లో కుక్కుకుంది. బిందెలో నీళ్ళున్నాయి. గ్లాసు మోగుతుందని లేవలేదు. గంట గడిచింది. రెండు గంటలు గడిచాయి. ముందు ఆమె చెమట నా చెక్కకి తగిలింది. తర్వాత చెమట ఆగిపోయింది, ఒళ్ళు మాత్రం కాలుతోంది. పన్నెండు కావస్తుండగా ఆమె వీపు నా మీద నుంచి మెల్లగా పక్కకి జారింది. తల నేలకి తగిలిన చప్పుడు చాలా చిన్నది. బయట ఆరుగురు మాట్లాడుకుంటున్నారు, ఎవరికీ వినపడలేదు.

నాకు వినపడింది. నేనేం చెయ్యను? నాకు నోరుందా? కిర్రుమందామన్నా ఎవరో ఒకరు కదపాలి. లోపల ఒక మనిషి ప్రాణం పోతోందని తెలిసిన ప్రాణి ఈ లోకంలో నేనొక్కదాన్నే, నేను ఆ ప్రాణానికి అడ్డంగా నిలబడి ఉన్నాను.

అప్పుడు, ఏమీ తోచక, రత్నకుమారి అనే ఆమె నా వైపు తిరిగింది. ఆ ఆరుగురిలో ఏడో తరగతి దాకా చదివింది ఆమె ఒక్కతే.

“అక్కా, ఇది చూశావా? అమ్మా రేపు రా అని రాసుంది.”

సామ్రాజ్యం లేచి నిలబడింది. “ఎవరికి రాసింది? మనకా?”

“తలుపు మీద రాస్తే వచ్చినోళ్ళకేగా.”

దయ్యం సంగతి ఆ గట్టు మీద ఇంకా ఎవరికీ తెలియదని చెప్పాను కదా. సామ్రాజ్యం మొహం ఎర్రబడింది. మూడు వారాలు నోటితో చెప్పిన మాట, ఇప్పుడు రంగేసి రాయించిందన్నమాట. వచ్చి చదువుకుని పొమ్మని. ఎండలో కూర్చున్న మూడు గంటలూ, మూడు వారాల కంతులూ, కోడిపెట్టలూ, పుస్తకాల డబ్బూ అన్నీ కలిసి ఆమె కాల్లోకి వచ్చాయి. తన్నింది. నా పలక బీటలోంచి పెచ్చు ఎగిరింది. ఇంట్లో లేకపోతే ఏం, తలుపుంది కదా, ఇదే ఊడదీసుకుపోదాం, ఇల్లు బార్లా తెరుచుకుని ఉంటే అదే కాళ్ళ దగ్గరికొస్తుంది అంది. పక్కింట్లోంచి రోకలి తెచ్చారు, ఇంకో ఇంట్లోంచి గునపం.

నా బతుకులో మొదటిసారి విరగాలని కోరుకున్నాను. కొట్టండి, ఇంకా గట్టిగా కొట్టండి అనుకున్నాను. రోకలి నా గుండెల మీద పడింది. చెక్క ఒణికింది, విరగలేదు. వీరాచారి చేసిన పనితనం మీద ఆ రోజు నేను వేసుకున్నన్ని శాపనార్థాలు ఏ తలుపూ వేసి ఉండదు. రెండో దెబ్బ. మూడో దెబ్బ. గునపం ద్వారబంధంలోకి దూరి కింది మడతబందుని పట్టుకుంది. మేకులు ఏడుస్తూ బయటికొచ్చాయి. సామ్రాజ్యం రోకలిని రెండు చేతులతో తలపైకి ఎత్తి, మొగుడి మీదా, గేదెల మీదా, కంతులు వసూలు చేసే సారు మీదా ఉన్న కోపమంతా కలిపి ఒక్క పోటు పొడిచింది. పై మడతబందు తెగింది, తాళంతో సహా గొళ్ళెమూ ఊడొచ్చింది. నేను లోపలికి పడ్డాను. నాంచారమ్మ పక్కకి ఒరిగి ఉండబట్టి బతికింది. నా అంచు కింద ఆమె జడ ఇరుక్కుంది.

దుమ్ము లేచి అణిగింది. సామ్రాజ్యం భుజం మీద రోకలితో అట్లాగే నిలబడిపోయింది. తర్వాత చిన్న గొంతుతో “ఒసేయ్, ఇది లోపలే ఉందే” అంది. ఆ గొంతు అంత చిన్నగా రాగలదని ఆ రోజే తెలిసింది.

జడ విడిపించి, ఆమెని ఎత్తి నా మీదే పడుకోబెట్టి, నలుగురు నాలుగు మూలలు పట్టుకుని పక్కింటి తాటాకు పందిరి కిందికి మోసుకొచ్చారు. బిందెలో నీళ్ళన్నీ కుమ్మరించారు. అరికాళ్ళకి ఉల్లిపాయ రుద్దారు. సామ్రాజ్యం రెండు చెంపలూ వాయించింది. అందులో సగం వైద్యం, సగం మూడు వారాల కంతు. ఆర్‌ఎంపీ డాక్టరు సైకిలు మీద వచ్చి, “వడదెబ్బ, ఇంకో అరగంట ఆలస్యమైతే నన్ను పిలవక్కర్లేకపోయేది” అని సెలైను పెట్టాడు. సీసా తగిలించడానికి ఏమీ లేక రత్నకుమారి చెయ్యెత్తి పట్టుకుని నిలబడింది.

చాలాసేపటికి నాంచారమ్మ కళ్ళు తెరిచింది. ఎదురుగా సామ్రాజ్యం. ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట, “రేపు ఇస్తానక్కా.”

సామ్రాజ్యం కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఏడుస్తూనే తిట్టింది. డబ్బుల కోసం చచ్చావంటే పాడె కూడా మేమే మొయ్యాలి, దానికి ఏ గ్రూపులో లోను తెమ్మంటావు అంది. ఆ తర్వాత కళ్ళు తుడుచుకుని, అసలు మొత్తం ఎంతుందే అని అడిగింది. తెలీదక్కా అంది నాంచారమ్మ. తెలీకపోవడం ఏంది, చెప్పు, ఒక్కోటి చెప్పు అని గద్దించింది. పొయ్యిలోంచి ఒక బొగ్గుముక్క తెచ్చారు. నాంచారమ్మని చాప మీదికి మార్చి, రత్నకుమారి సెలైను సీసా ఇంకొకరికి అప్పగించి, నన్ను తిరగేసి లోపలివైపు చెక్క మీద రాయడం మొదలుపెట్టింది. మొదటి గ్రూపు పద్దెనిమిది వేలు. రెండో గ్రూపు పద్నాలుగున్నర. మూడోది పదకొండు. ఫైనాన్సు తొమ్మిది. కమ్మల తాకట్టు ఆరు. కింద గీత గీసి కూడింది. యాభై ఎనిమిది వేల అయిదొందలు.

నాంచారమ్మ మోచేతి మీద లేచి ఆ అంకె వైపు చూసింది. “ఇంతేనా” అంది. ఆమె ప్రాణం తియ్యబోయిన లెక్క అది. చీకట్లో దాని సైజు ఎంతో ఆమె ఎన్నడూ చూడలేదు. లక్ష అనుకుందో, రెండు లక్షలు అనుకుందో.

నీది ఇంతేనా అంటున్నావు, నాది రాస్తే ఈ తలుపు చాలదు అంది సామ్రాజ్యం. మిగతావాళ్ళు ఆమె వైపు తిరిగి చూశారు. లీడరుకి కూడా వేరే గ్రూపులున్నాయని వాళ్ళకి ఆ రోజే తెలిసింది.

రెండు గంటలకి ఆటో వచ్చి గట్టు మీద ఆగింది. నీ ఇంటి తలుపు పగలగొట్టారని ఎవరో స్టాండులో చెప్పారు. ఏడుకొండలు వచ్చేసరికి అతని ఇంటికి వాకిలి నోరు తెరుచుకుని ఉంది, పెళ్ళాం చేతికి సూది ఉంది, నేను వెల్లకిలా పడి ఉన్నాను, నా మీద ఆ అంకెలు. ఏందిది అన్నాడు. పైనుంచి కిందికి చదివాడు. గీత కింది అంకె రెండుసార్లు చదివాడు. పందిరి పక్కన కట్టెలు కొట్టే గొడ్డలి ఉంది. పోయి అందుకున్నాడు.

మొదటి వేటు మూడో గ్రూపు మీద పడింది. రెండో వేటు ఫైనాన్సు మీద. చెక్క చీలి పేళ్ళు లేచి ఆడవాళ్ళ మీద పడ్డాయి, అందరూ వెనక్కి జరిగారు. స్టాండులో చెప్పుకున్న గొప్పని నరుకుతున్నాడని నాకు అర్థమైంది. మూడో వేటుకి గొడ్డలి పైకి లేచింది. అప్పుడు నాంచారమ్మ చేతికున్న సూది లాగేసుకుని, తూలుతూ వచ్చి, నా మీద ఆ అంకెల మీద నిలబడింది. చేతి నుంచి రక్తం చుక్కలు నా మీద పడుతున్నాయి.

“పక్కకి పో” అన్నాడు.

“కొట్టు మావా. చెక్క పగులుద్ది, లెక్క పోదు.”

గొడ్డలి గాల్లోనే ఉంది. “దీంట్లో నాకు తెలిసింది ఎంత?”

“పద్దెనిమిది వేలు బండికి. మిగతా నలభై వేల అయిదొందలూ నీకు చెప్పలేక తెచ్చినియ్యి.”

అతను గొడ్డలి దించాడు. నేను కామెర్లతో పడుకున్నప్పుడా అని అడిగాడు. ఆమె తలూపింది. అతను నా అంచు మీద కూలబడి, అరచేత్తో తన చెంప మీద తనే కొట్టుకున్నాడు, ఒకసారి, రెండుసార్లు. మూడోసారి సామ్రాజ్యం చెయ్యి పట్టుకుంది. ఆ రోజుకి దెబ్బలు అయిపోయాయి.

అప్పు తీరడం మాత్రం అంత తొందరగా కాలేదు. నెత్తుటితో నాటకం ముగుస్తుంది గానీ అప్పు ముగియదు. ఆటోలో పెట్టించుకున్న టేపూ స్పీకర్లూ అమ్మి, స్నేహితుల దగ్గర చేబదులు తెచ్చి, ముందు ఫైనాన్సువాడిని వదిలించుకున్నారు. పై మంగళవారం మీటింగులో నాంచారమ్మ లేచి నిలబడి, వారానికి ఇంతకన్నా కట్టలేనని అందరి ముందు చెప్పింది. కంతు సారు అరిచాడు. రెండు రోజుల తర్వాత ఆయన పైఆయన వచ్చి ఇంకా గట్టిగా అరిచాడు. ఆరుగురూ ఆమె చుట్టూ కూర్చుని అరుపులు వింటూ పోయారు. అరిచి అరిచి వాళ్ళే అలిసిపోయి, కంతు సగానికి తగ్గించి గడువు పొడిగించారు. అరుపులకి మనుషులు చావరని, దాక్కుంటే చస్తారని నేను ఆ గుమ్మంలో నిలబడి నేర్చుకున్నాను.

నన్ను మళ్ళీ నిలబెట్టారు. గొడ్డలి గాట్ల మీద రేకుముక్క పెట్టి మేకులు కొట్టారు, ఆ మేకుల నొప్పి గురించి ఇంక చెప్పను. లెక్క లోపలివైపు ఉండిపోయింది. మంగళవారం కంతు కట్టి వచ్చాక తడిగుడ్డతో పాత అంకె తుడిచి కొత్తది రాసేవాళ్ళు, కొన్ని వారాలు ఆమె, కొన్ని వారాలు అతను. బయట తాళం వేసి లోపల కూర్చోవడం లేదు. ఎవరు కొట్టినా రెండో దెబ్బకి ఆమె తీసేది. ఈ వారం మూడొందలే ఉన్నాయి అని మొహం మీదే చెప్పేది. తిట్టేవాళ్ళు తిట్టేవాళ్ళు. ఆమె చెవులు ఎర్రబడేవి, కాళ్ళు మాత్రం గుమ్మంలోంచి కదిలేవి కావు. అతనికి కోపం వచ్చినప్పుడు ఇప్పటికీ నన్నే తన్నేవాడు, అది మారలేదు. అయితే తన్నాక లోపలికొచ్చి, ఎందుకు తన్నాడో ఆమెకి చెప్పేవాడు.

అప్పంతా తీరడానికి నాలుగేళ్ళ మీద రెండు నెలలు పట్టింది. అప్పటికి నా కింది పలక చెద తినేసింది. ఇనపతలుపు ఒకటి పెట్టించారు, రొక్కం ఇచ్చి. నన్ను ఆటో మీద కట్టి బజారులో పాత కలప దుకాణానికి తెచ్చారు. ఇప్పుడు ఇక్కడే ఉన్నాను, కిటికీ చట్రాలూ విరిగిన మంచం కోళ్ళూ తోడు. ఎవరన్నా పొయ్యిలోకి కొంటారో, కోళ్ళగూటికి కొంటారో.

నాంచారమ్మని చివరిసారి చూసింది ఆ రోజే. ఏడుకొండలు రోడ్డుకి అవతల ఆటోలో కూర్చుని ఉన్నాడు, ఇంజను ఆపలేదు. దుకాణంవాడు నన్ను అటూ ఇటూ తిప్పి, తన్ని, గీకి, చెద చూపించి, ధర సగానికి దించి, నోట్లు ఆమె చేతిలో పెట్టాడు. ఆమె అక్కడే నిలబడి లెక్కపెట్టుకుంది. తలెత్తి, రోడ్డు మీద అంతమంది జనం ఉండగా, గొంతెత్తి చెప్పింది.

“మూడొందల పది ఇచ్చాడు మావా.”

దుకాణంవాడు చిరాకుపడ్డాడు. ధర అట్టా బజారుకెక్కిస్తే ఎట్టాగమ్మా, బేరాలున్నాయి అని గొణిగాడు. ఆమె అతని మాట వినిపించుకోలేదు. నోట్లు పిడికిట్లో పట్టుకుని రోడ్డు దాటుతూ, ఇంజను చప్పుడులో మొగుడికి వినపడలేదేమోనని, ఇంకోసారి గట్టిగా చెప్పింది.